జలమార్గమున తరలివచ్చెదరు

మా అన్నయ్య కొడుకు పెళ్లి శుభలేఖలో ముహూర్తానికి కింద, విందుకు పైన ఒక వాక్యం అచ్చయింది. "మగపెళ్లివారు విజయవాడ నుండి నిడదవోలుకు జలమార్గమున తరలివచ్చెదరు." రాసింది నేను. ప్రూఫు దిద్దింది నేను. నాలుగు మూలలా పసుపు పెట్టి ఊరంతా పంచిందీ నేనే. అప్పటికి నా చేతిలో పడవ లేదు, నడిపే మనిషి లేడు, ఆ కాలువలో ఈ రోజుల్లో పడవ పోతుందో లేదో వెళ్లి చూసిన పాపాన పోలేదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెతకు బళ్లో అర్థం రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి మరి.

బియ్యం మిల్లులో లెక్కలు రాసి రిటైరయ్యాను. బస్తాల లెక్కలో కిలో తేడా వస్తే రాత్రంతా నిద్రపట్టని మనిషిని. అలాంటివాణ్ణి ఇలా ఎందుకయ్యానంటే, తీరిక దొరికింది, దాంతోపాటు ఆర్థర్ కాటన్ మీద ఒక పుస్తకం దొరికింది. గోదావరి జిల్లాల్లో పుట్టినవాడికి కాటన్ దొర కొత్తేమీ కాదు. ఊరూరా విగ్రహాలున్నాయి. ఆనకట్ట కట్టి అన్నం పెట్టాడని ఊహ తెలిసినప్పటి నుంచి వింటున్నాం. నేను అంతవరకూ పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. ఆయన తవ్వించిన కాలువలు పొలాలకు నీళ్లివ్వడానికే కాదు, పడవలు తిరగడానికి కూడా.

చదివిందంతా నిజమే. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852కి ముగించారు. అదే సంవత్సరం విజయవాడ దగ్గర కృష్ణ మీద పని మొదలైంది. చార్లెస్ ఓర్ చేతుల మీదుగా 1855కి అదీ పూర్తయింది. ఆనకట్టలు నది మట్టాన్ని పైకి లేపాయి, ఆ ఎత్తు నుంచి కాలువలు బయలుదేరాయి. తూర్పు గట్టున ధవళేశ్వరం నుంచి కాకినాడకు ఒకటి. పడమటి గట్టున విజ్జేశ్వరం నుంచి నిడదవోలు, తాడేపల్లిగూడెం, భీమడోలు మీదుగా ఏలూరుకు ఒకటి. విజయవాడ నుంచి ఏలూరుకు మరొకటి. ఏలూరులో రెండు నదుల నీళ్లూ కలిశాయి. కృష్ణ దాటి అవతలి గట్టున కొమ్మమూరు కాలువ పట్టుకుంటే పెదగంజాం వస్తుంది. అక్కడి నుంచి సముద్రం పక్కనే బకింగ్‌హాం కాలువ. దాని వెంట మద్రాసు, మద్రాసు దాటితే మరక్కాణం. కాకినాడలో పడవెక్కిన బియ్యం బస్తా సముద్రం మొహం చూడకుండా మద్రాసు చేరేది. ఒక్క గోదావరి డెల్టాలోనే పడవలు నడిచే కాలువలు దాదాపు 500 మైళ్లుండేవి.

బకింగ్‌హాం కాలువ సంగతి వింటే ఇంకా ఆవేశం వస్తుంది. 1806లో బాసిల్ కాక్రేన్ అనే వ్యాపారి పెట్టుబడితో మద్రాసు నుంచి ఎన్నూరు దాకా తవ్విన ఉప్పునీటి కాలువ అది. ముక్కలు ముక్కలుగా ఉత్తరానికీ దక్షిణానికీ పెరిగింది. 1876–78 నాటి ధాత కరువులో, ఆకలితో వలస వచ్చిన జనానికి కూలి చూపించడానికి కూవం, అడయారు నదుల్ని కలిపే ముక్క తవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూకు. పేరు ఆయనది, మట్టి మోసింది కరువు జనం. శ్రీహరికోట కట్టెలు మద్రాసు పొయ్యిల్లోకి చేరింది ఆ కాలువ మీదే. అంతెందుకు, మొక్కపాటివారి బారిస్టర్ పార్వతీశం సీమకు బయలుదేరినప్పుడు నిడదవోలులో రైలెక్కే దాకా వెళ్లింది కాలువ మీదే. ఆయనకూ నాకూ చుట్టరికం అక్కడే కలిసినట్టుంది.

ఇంత చదివాక మనిషి ఊరుకోవాలి. నేను ఊరుకోలేదు. కేంద్ర ప్రభుత్వం 2008లో ఈ కాలువలన్నింటినీ, గోదావరిలో భద్రాచలం నుంచి రాజమండ్రి దాకా, కృష్ణలో వజీరాబాదు నుంచి విజయవాడ దాకా కలిపి జాతీయ జలమార్గం 4 అని ప్రకటించింది. 2016లో వచ్చిన చట్టంతో దేశంలో జాతీయ జలమార్గాలు 111 అయ్యాయి, మన నాలుగో నంబరు ఇంకా పొడవు పెరిగింది. 2017 అక్టోబరులో అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు ముక్త్యాల–విజయవాడ ముక్కకు శంకుస్థాపన చేశారు. ఇవన్నీ కాగితాల మీద అచ్చుకాపీలు తీసుకుని దగ్గర పెట్టుకున్నాను. గెజెట్లో ఉందంటే కాలువలో ఉన్నట్టేనని నా నమ్మకం. ముప్పై ఏళ్లు మిల్లు లెక్కలు రాసినవాడికి కాగితం మీద ఉన్న బస్తాకూ గోడౌనులో ఉన్న బస్తాకూ తేడా తెలియకపోవడం సిగ్గుచేటు. తెలుసు. కాలువ దగ్గరికొచ్చేసరికి మరిచిపోయాను.

అన్నయ్య కొడుక్కి నిడదవోలు సంబంధం కుదిరింది. మేమేమో విజయవాడలో ఏలూరు కాలువకు కూతవేటు దూరంలో ఉంటాం. పిల్ల ఇల్లు నిడదవోలు కాలువగట్టు మీదే. ఇంతకంటే దైవసంకల్పం ఏం కావాలి? పసుపు కొట్టే రోజున అందరూ ఉండగా లేచి నిలబడి ప్రకటించాను, మగపెళ్లివారం పడవ మీద తరలివెళ్తున్నామని. పిల్లలు చప్పట్లు కొట్టారు. అన్నయ్య మెత్తటి మనిషి, నావంక గర్వంగా చూశాడు. వదిన మాత్రం చాటలో పసుపుకొమ్ములు వదిలి తలెత్తింది.

"ఆ కాలువలో పడవ తిరగడం నువ్వెప్పుడు చూశావయ్యా?"

"చిన్నప్పుడు, వదినా. వరిగడ్డి పడవలు."

"నేనడిగింది ఈ మధ్య."

"రోడ్డు మీద బస్సు కనిపించనంత మాత్రాన రోడ్డు లేనట్టా?"

"బస్సులు తిరగని రోడ్డు మీద పెళ్లికి ఎట్టా పోతావు మరి?"

దీనికి సమాధానం లేదు. లేదని అప్పుడే ఒప్పుకుంటే ఈ కథ అక్కడితో అయిపోను. గెజెట్ కాగితం తీశాను. వదిన దాన్ని అందుకోలేదు. "కచ్చులూరు మరిచిపోయావా?" అంది నెమ్మదిగా. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు వెళ్తున్న పర్యాటకుల బోటు అక్కడ మునిగిపోయిన సంగతి ఆ గదిలో తెలియనివాళ్లు లేరు. ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. ఆ నిమిషంలోనే నేను బుద్ధి తెచ్చుకోవచ్చు. తెచ్చుకోలేదు. "అది వరద గోదారి వదినా. ఇది మోకాలి లోతు కాలువ" అన్నాను. అరగంట తర్వాత వీధి అరుగు మీద అన్నయ్యతో, లోతు ఆరడుగులకు తక్కువుండదు, యాభై మంది ఎక్కే పడవైనా పోతుందని చెప్పాను. రెండు లోతులూ నా నోట్లోంచే వచ్చాయి. ఒక్కటీ కొలిచింది కాదు.

ఇంక నా ప్రయాణపు పథకం. మ్యాపు బల్ల మీద పరిచి చూశాను. విజయవాడ ఎగువన ఉంది, సముద్రం దిగువన ఉంది. కాలువ విజయవాడలో పుడుతుంది కనుక ఎటుపోయినా పల్లానికే పోతుంది. అంటే నిడదవోలు దాకా నీటివాలే. ఇంజిను కూడా పెద్దది అక్కర్లేదు, సాయంత్రం భోజనాలు చేసి పడవెక్కి వాలున వదిలితే సన్నాయి వింటూ పొద్దున్నకల్లా దిగుతాం. దారిలో లాకులొస్తాయి. లాకు దగ్గర తలుపు తీస్తారు, నీళ్లతో పాటు పడవ జారుతుంది. ఇది నా ఇంజనీరింగు. శుభలేఖ అచ్చుకు వెళ్లింది ఈ ఇంజనీరింగు బలం మీదే.

శుభలేఖలు పంచడం ముగిశాక పడవ వెతకడం మొదలుపెట్టాను. కృష్ణ ఒడ్డున ఒక పాత సరంగు దొరికాడు. ఎనభై దాటిన మనిషి. కుర్రతనంలో కాలువల మీద ధాన్యం పడవలకు తాడు లాగాడు, తర్వాత గోదావరి మీద లాంచీలు నడిపాడు. మనవడికి చేపల పడవ ఉంది, చిన్న ఇంజినుతో. నా మాటలన్నీ ఓపిగ్గా విన్నాడు. "పెళ్లి సంగతి తర్వాత చూద్దాం బాబుగారూ. ముందు ఒకసారి పొయ్యొద్దాం, పోయిన కాడికి" అన్నాడు. నేను పడవకు వెదురుబద్దలతో పందిరి కట్టించాను, ఫోటోలో ఎలా ఉంటుందో చూసుకోవడానికి. సరంగు ఆ పందిరి వంక చూసి ఏదో అనబోయి ఊరుకున్నాడు.

మొదటి వంతెన కింద పందిరి పోయింది. తలలు వంచుకుని మేం మాత్రం బయటపడ్డాం. పాతకాలం వంతెనలు పడవ ఎత్తు చూసుకుని కట్టేవారట. వంతెన కింద గట్టు వెంబడి కాలిబాట కూడా వదిలేవారట, తాడు లాగేవాళ్లు ఆగకుండా నడిచిపోవడానికి. ఇప్పటి వంతెన కట్టేవాడికి పైన పోయే కారు కనిపిస్తుంది గాని కింద పోయే పడవ కనిపించదు. కనిపించడానికి కింద ఏ పడవా పోవడం లేదు గనక అతన్ని తప్పు పట్టలేం. వంతెన తర్వాత కాలువకు అడ్డంగా మంచినీళ్ల గొట్టం. ఆ తర్వాత గుర్రపుడెక్క. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా పచ్చగా పరుచుకుని, ఊదారంగు పూలు పూసి, చూడ్డానికి ముచ్చటగానే ఉంది. ఇంజిను ఫ్యానుకు చుట్టుకుంది. మనవడు నీళ్లలోకి దిగి కత్తితో కోశాడు. వాడికి ఛాతీ దాకా వచ్చాయి నీళ్లు. అటు మోకాలి లోతూ కాదు, ఇటు ఆరడుగులూ కాదు. కాలువలోకి కలిసే మురుగు వాసన గురించి రాయను. సన్నాయి వింటూ భోజనం చేద్దామనుకున్న చోటది.

వీటన్నింటికంటే నాకు ఎక్కువ తగిలింది ఒక ప్రశ్న. పడవ కనపడగానే వంతెన మీద జనం మూగారు. సైకిలు ఆపి ఒకాయన కేకేశాడు: "ఎవరు పడ్డారు? దొరికిందా?" ఆ కాలువలోకి పడవ దిగేది పడిపోయినవాళ్ల కోసం వెతకడానికే. ఇంకో పనికి దిగగా అక్కడి పిల్లలు చూడలేదు. మేం పెళ్లికి దారి చూస్తున్నామని చెప్పడానికి నాకు నోరు రాలేదు. సరంగే చెప్పాడు. వంతెన మీద నవ్వులు వినిపించాయి.

చివరికి ఒక లాకు దగ్గర మా ప్రయాణం ఆగిపోయింది. పక్క గోడలు మాత్రం చెక్కుచెదరలేదు. పెద్ద పెద్ద చెక్కుడు రాళ్లు, తాళ్లు ఒరుసుకుని పడిన గాళ్లు అంచుల మీద ఇంకా ఉన్నాయి. గోడ సందులో రావిచెట్టు మొలిచింది. పడవ దాటే దారిలో తుప్పలు. లస్కరు వచ్చాడు. తలుపులు తెరిపించమని అడిగాను, కాస్త దర్పంగానే. "ఏ తలుపులండీ?" అన్నాడు. నిజంగానే తెలియక అడిగాడు. నీళ్లు వదిలే షట్టర్లు అతనికి తెలుసు. పడవ కోసం తలుపులుండేవని అతను ఉద్యోగంలో చేరాక ఎవరూ చెప్పలేదు.

ఆ గోడ మీదే కూర్చుని, తెచ్చుకున్న పులిహోర తింటూ సరంగు నాకు చదువు చెప్పాడు. లాకులో తలుపులు రెండు జతలు, పైన ఒకటి, కింద ఒకటి. నడుమ రాతి తొట్టి. ఎగువ నుంచి పడవ వస్తే ముందు తొట్టి నిండా నీళ్లు పట్టాలి. మట్టం సమానమయ్యాక పై తలుపులు తెరిచి పడవను లోపలికి తీసుకుని మూసెయ్యాలి. తర్వాత కింది తలుపుల దగ్గర తూము వదిలితే నీళ్లు తగ్గుతాయి, నీళ్లతో పడవ దిగుతుంది. కింది మట్టానికి వచ్చాక కింది తలుపులు. ఎక్కాలంటే ఇదే తలకిందులు. తలుపులు తిన్నగా మూసుకోవు, నీళ్లొచ్చే వైపు కోణంగా పొడుచుకుని మూసుకుంటాయి. నీళ్లు ఎంత బలంగా నెడితే అంత గట్టిగా బిగుసుకుంటాయి. రెండు జతలూ ఒకేసారి తెరిచి పడవ జారుతుందన్నానే, అలా తెరిస్తే పడవే కాదు, పెళ్లివారు కూడా జారతారు.

"అయినా బాబుగారూ, నిడదోలు దాకా వాలేనని తమకెవరు చెప్పారు?"

"విజయవాడ ఎగువ కదా."

"ఏలూరు దాకా వాలే. ఏలూరు దాటితే ఎదురే. ఆ నీళ్లు గోదారివి, ఇటే వత్తాయి. అక్కడి నుంచి తాడు కట్టి గట్టెమ్మట లాక్కుపోవడమే. మీ పెళ్లికొడుకు లాగుతాడా?"

నిడదవోలులో కాలువ ఏలూరు వైపు పారుతుందని నాకు తెలియదా? కొన్నేళ్లు ఆ దారినే రైల్లో తిరిగాను. కిటికీలోంచి చూశాను. విజ్జేశ్వరం దగ్గర పుడుతుందని నా చేత్తోనే రాసుకున్నాను. అక్కడ పుట్టిన నీళ్లు ఏలూరుకు రావాలంటే ఏ దిక్కుకు పారాలో మూడో తరగతి పిల్లాడు చెబుతాడు. మ్యాపు మీద కాలువ నీలిగీత. గీతకు ఎత్తుపల్లాలు ఉండవు. నేను గీతను చూశాను, నీళ్లను చూడలేదు.

తర్వాత ఇంటికొచ్చి నీళ్లు అలా ఎదురు రావడానికి కారణం కూడా చదివాను, ఆలస్యంగా. నది ఏటా వరదతో మట్టి తెచ్చి తన రెండు గట్ల పక్కనా పోస్తుంది. వేల ఏళ్లు అలా పోయగా నది పారే చోటే చుట్టుపక్కల నేల కంటే ఎత్తవుతుంది. గోదావరి తన డెల్టాను అలా ఎత్తు చేసుకుంది, కృష్ణ తనదాన్ని చేసుకుంది. రెండు అరుగుల నడుమ మిగిలిపోయిన వాకిలి కొల్లేరు. అందుకే రెండు వైపుల నీళ్లూ అటే దిగుతాయి, రెండు కాలువలూ ఏలూరు దగ్గర కలుసుకుంటాయి. డెల్టా పొలాలకు నీళ్లు అంత సులువుగా పారడానికి కారణం కూడా ఇదే. కాలువను ఎత్తయిన నడిగట్టు మీద నడిపిస్తే ఇరుపక్కలా పొలం పల్లంలో ఉంటుంది. కాటన్ కనిపెట్టుకున్న కిటుకు అది. ఆయన మీద పుస్తకం చదివి ఆయన కిటుకు ఒక్కటే వదిలేశాను.

ఆ రోజు లాకు గోడ మీద ఇన్ని చెప్పాక సరంగు చివరి మాట అడిగాడు. "ముహూర్తం ఎప్పుడు?"

"వైశాఖంలో."

ఆయన చాలాసేపు నవ్వాడు. నవ్వుతుంటే దగ్గు వచ్చింది. మనవడు నీళ్లిచ్చాడు. ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు. ఏటా జరిగేదే. దాళ్వా కోతలయ్యాక నీళ్లు ఆపి, పూడిక తీసి, గట్లు బాగుచేసి, మళ్లీ జూనులో వదులుతారు. మిల్లులో ఉన్నన్నాళ్లూ కాలువ కట్టేసే తేదీని బట్టే ధాన్యం రాక లెక్క వేసుకునేవాణ్ణి. ముహూర్తాన్ని కాలువతో జతచేసి చూడాలని తోచలేదు.

ఈ ఎండాకాలం కట్టివేత చిన్న సంగతి కాదు, నీటిదారి చావుకు మూలాల్లో అదొకటి. పంటకు కావలసింది పారే నీళ్లు, కావలసిన నెలల్లో. పడవకు కావలసింది నిలకడైన లోతు, పన్నెండు నెలలూ. ఒకే కాలువతో రెండూ చేయించాలని చూశాడు కాటన్, చాలాకాలం చేయించాడు కూడా. కానీ పేచీ వచ్చినప్పుడల్లా పంటే గెలిచింది, గెలవాలి కూడా. ఏడాదిలో కొన్ని నెలలు మూసేసే దారి మీద ఏ వ్యాపారీ పూర్తిగా ఆధారపడడు. 1890ల్లో కాలువ పక్కనే రైలు పడింది, 1900లో గోదావరి మీద హావెలాక్ వంతెన తెరిచారు. రైలుకు ఎండాకాలం లేదు. ఆ తర్వాత లారీ వచ్చింది, అది నేరుగా కళ్లం దగ్గరికే వచ్చింది. ఇటుక, వరిగడ్డి, ధాన్యం పడవలు మా చిన్నతనం దాకా తిరుగుతూనే ఉన్నాయి గాని, తిరగడం వేరు, బతకడం వేరు. బకింగ్‌హాం కాలువను 1965–66 తుపాన్లు దెబ్బతీశాయి. మద్రాసులో ఆఖరికి ఆ కాలువ మధ్యలోనే స్తంభాలు పాతి రైలు మార్గం వేశారు. రైలు కాలువను ఓడించిందంటే మాటవరసకు అన్నట్టుంటుంది, అక్కడ కళ్లకు కనిపిస్తుంది.

నన్ను నేను ఓదార్చుకోవడానికి కాటన్ దొర కథలో మిగతా సగం చదివాను. ఆయనకు డెల్టా కాలువలు చాలలేదు. బేరారు పత్తిని వార్ధా, ప్రాణహిత, గోదావరి మీదుగా కాకినాడ రేవుకు దించాలనుకున్నాడు. దారిలో మూడు చోట్ల రాళ్లూ జలపాతాలూ అడ్డం: దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, దేవలమర్రి. ఒక్కో అడ్డంకి దగ్గర ఆనకట్ట కట్టి, పక్కన కాలువ తవ్వి, లాకులతో పడవను దాటించాలని పథకం. హేగ్ అనే ఇంజనీరు అడవిలో కూర్చుని పని చేయించాడు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోయేసరికి లాంకషైరు మిల్లులు మనవైపు చూశాయి, పథకానికి ఊపొచ్చింది. మన్యం జ్వరాలు కూలీలను నిలవనివ్వలేదు. ఎండాకాలం నదిలో ఇసుక తప్ప ఏమీ లేదు. 1865లో యుద్ధం ముగిసింది. 1867లో బొంబాయి నుంచి రైలు నాగపూరు చేరింది. 1871లో గోదావరి పని ఆపేశారు. దుమ్ముగూడెం ఆనకట్ట మిగిలింది. అయినా ఆయన లొంగలేదు. 1878లో లండన్‌లో పార్లమెంటు కమిటీ ముందు, 75 ఏళ్ల వయసులో, రైళ్ల మీద పోసే డబ్బు కాలువల మీద పోయండనే వాదించాడు.

ఈ సగం చదివి కొంత ఊరట పడ్డాను, అదీ తప్పే. ఆయన మొండివాడు, నేను మూర్ఖుణ్ణి. ఆయన నదిని గజం గజం కొలిచాక ఓడిపోయాడు. నేను టేపు బయటికి తీయకుండానే శుభలేఖ అచ్చేయించాను.

ఇంతటితో ఆగితే నాది మామూలు తెలివితక్కువతనమే. నిడదవోలుకు ఒక్క ఫోను చేసి పడవ లేదని చెప్పి ఉంటే సరిపోయేది. చేయలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ, చెప్పేటప్పుడు ఏ కారణం గొప్పగా ఉంటుందో ఆలోచిస్తూ ముహూర్తం దాకా వచ్చాను. పెళ్లికి అందరం రెండు బస్సుల్లో వెళ్లాం. వదిన నా పక్క సీటులోనే కూర్చుంది, దారిలో ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

నిడదవోలులో కాలువరేవు దగ్గర తాటాకు పందిరి, అరటిబోదెలు, మామిడి తోరణాలు, సన్నాయి మేళం. ఆడపెళ్లివారు పానకం బిందెలతో నిలబడి ఉన్నారు. కాలువ అడుగున బీటలు కనిపిస్తున్నాయి, అక్కడక్కడా గుంటల్లో మిగిలిన నీళ్లలో పిల్లలు చేపలు పట్టుకుంటున్నారు. బస్సులు రోడ్డు మీద ఆగాయి. మేం గట్టు మీదుగా నడిచి, వెనక నుంచి పందిట్లోకి వెళ్లాం. వియ్యంకుడు నా చేతులు పట్టుకున్నాడు. "కాలువ కట్టేశారని ఫోన్ చేద్దామనే అనుకున్నాం బావగారూ. కానీ శుభలేఖలోనే వేయించారు, మీరు చదువుకున్నవారు, ఏదో ఏర్పాటు చేసుకునే ఉంటారనుకున్నాం" అన్నాడు. వెటకారం కాదు. ఆయన నిజంగానే అనుకున్నాడు. ఒక చదువుకున్నవాడి మాట మీద నమ్మకంతో ఎండిన కాలువకు పందిరి వేసిన మనిషికి ఏం చెప్పను? పానకం తాగాను.

ఇప్పుడు నా అభిప్రాయం అడిగితే, అడిగేవాళ్లు తక్కువనుకోండి, ఏలూరు కాలువ మీద సరుకు పడవలు మళ్లీ తిరుగుతాయని నేననుకోను. వంతెనలన్నీ ఎత్తాలి, లాకులన్నీ కొత్తగా కట్టాలి, ఎండాకాలం పంటకు లేని నీళ్లు పడవకు ఇవ్వాలి. మూడోది ఏ రైతూ ఒప్పుకోడు, నేను ఆ రైతు పక్షమే. నది మీదైతే కుదరొచ్చు. ముక్త్యాల నుంచి విజయవాడకు కృష్ణలో బ్యారేజీ నిలబెట్టిన నీళ్లున్నాయి. కాలువల్లో చిన్న ముక్కలు విహారానికి పనికొస్తాయి, ముందు మురుగు ఆపితే.

కాలువగట్టు ఊళ్లలో ఉన్నవారికి ఒక మనవి. మీ ఊరి లాకు గోడలు రాళ్ల కోసం పీకనివ్వకండి, కొత్త వంతెనకు కొలతలు తీయడానికి వచ్చినప్పుడు కింద పడవ పోయేంత ఎత్తు అడిగి చూడండి. వాళ్లు నవ్వితే నవ్వనివ్వండి, నన్ను చూసి నవ్వినంత కాదు. పెళ్లిపనుల మీద విజయవాడ నుంచి నిడదవోలు వెళ్లవలసినవాళ్లు మాత్రం రైలెక్కండి. ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా రోజంతా బోలెడున్నాయి.